పాత కీబోర్డులతో కాన్సెప్చువల్ ఆర్ట్: ముందు ఆలోచన, తర్వాతే జిగురు

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కడి నుంచి చూసుకుంటే హైదరాబాద్ కీబోర్డు మీద బతికిన ఊరు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లు, మీసేవా కౌంటర్లు, బ్యాక్ ఆఫీసులు, డీటీపీ షాపులు... ఎక్కడ చూసినా పొద్దస్తమానం టకటకలే. అలా నలిగిన కీబోర్డులు ఏదో ఒకరోజు పాత సామాన్ల షాపులో తేలతాయి. వాటిని విప్పి, మీటలతో ఒక కళాఖండం చేయాలని మీకు అనిపిస్తే ఏం చేయాలో, ఏ వరుసలో చేయాలో చెబుతాను.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. కీబోర్డు మీటలతో నెమలి బొమ్మో, చార్మినార్ బొమ్మో పేర్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో ఓపిక ఉంది, పనితనం ఉంది. కానీ అదే బొమ్మను రంగురాళ్లతో పేర్చినా వస్తుందంటే దానికి కీబోర్డు అక్కర్లేదని అర్థం. కాన్సెప్చువల్ ఆర్ట్‌లో, అంటే వస్తువు అందం కంటే దాని వెనక ఆలోచనే ముఖ్యమైన కళలో, అసలు ప్రశ్న అదే: ఈ వస్తువే ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉంటే సగం పని అయిపోయినట్టే. మీట మీద అరిగిన అక్షరం, నున్నబడిన అంచు ఎవరో కొన్నేళ్లపాటు చేసిన పనికి గుర్తులు. రంగురాయికి ఆ చరిత్ర లేదు.

ఈ దారి కొత్తదేమీ కాదు. 1917లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాంప్ న్యూయార్క్‌లో ఒక మూత్రపు తొట్టిని కొని, పక్కకు తిప్పి పెట్టి, సంతకం చేసి, దానికి 'ఫౌంటెన్' అని పేరు పెట్టాడు. 1965లో జోసెఫ్ కొసుత్ ఒక కుర్చీని, ఆ కుర్చీ ఫొటోను, నిఘంటువులో కుర్చీకి ఇచ్చిన అర్థాన్ని పక్కపక్కన పెట్టి చూపించాడు. సోల్ లెవిట్ 1968 నుంచి గోడ మీద గీతలకు నియమాలు రాసేవాడు. ఆ నియమాలను చూసి వేరేవాళ్లు గీసేవారు. మనకు పనికొచ్చేది లెవిట్ పద్ధతి. కీబోర్డు మీదే చేసిన పని కావాలంటే, రష్యాలోని యెకాతెరిన్‌బర్గ్‌లో నది ఒడ్డున 2005లో అనతోలీ వ్యాత్కిన్ కట్టిన కీబోర్డు ఉంది. 86 కాంక్రీటు మీటలు, అసలు సైజుకు 30 రెట్లు. వేలితో నొక్కే వస్తువు మీద మనిషి కూర్చోగలిగితే ఎలా ఉంటుందన్నదే అక్కడి ఆలోచన.

మొదటి పని: ఒక్క వాక్యం రాయండి

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు కాగితం మీద ఒక నియమం రాయండి. ఒకే వాక్యం. మీరు ఊళ్లో లేకపోయినా, ఆ వాక్యం చదివి ఇంకొకరు ఆ పని పూర్తి చేయగలగాలి. 'కీబోర్డులతో సమాజాన్ని చూపించాలి' అన్నది నియమం కాదు, కోరిక. 'ఇరవై కీబోర్డుల నుంచి బ్యాక్‌స్పేస్ మీటలు మాత్రమే తీసి ఒకే వరుసలో పెట్టాలి' అన్నది నియమం. చెప్పబోయి చెరిపేసుకున్న మాటలన్నీ ఆ వరుసలో ఉంటాయి. వివరించకపోయినా చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

తెలుగువాళ్లకు మాత్రమే దొరికే ఆలోచనలు కొన్ని ఉన్నాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. మనలో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేస్తాం. ఇంకొందరు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో, అంటే తెలుగు అక్షరాలకే మీటలు కేటాయించిన అమరికలో, చేస్తారు. అది 1991 నాటి ఐఎస్ 13194 భారత ప్రమాణంలో ఉంది. 'కమల' అనే పేరు తీసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే కె, ఏ, ఎం, ఏ, ఎల్, ఏ... ఆరు మీటలు. ఇన్‌స్క్రిప్ట్‌లో 'క' కె మీట మీద, 'మ' సి మీట మీద, 'ల' ఎన్ మీట మీద ఉంటాయి. అంటే మూడే మీటలు: కె, సి, ఎన్. ఒక పలక మీద పైన ఆరు మీటలు, కింద మూడు మీటలు అతికించి, పక్కన 'కమల, రెండుసార్లు' అని రాసి పెట్టండి. తెలిసినవాళ్లు ఆగి చదువుతారు. తెలియనివాళ్లు కింది వరుస ఏమిటని అడుగుతారు.

ఇదే ఆలోచనను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లొచ్చు. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు డి మీట మీద ఉంటుంది. వత్తు పడాలంటే డి నొక్కాల్సిందే. అమ్మ, అన్నం, చెట్టు, పుస్తకం... తెలుగులో వత్తు లేకుండా నాలుగు మాటలు రాయడం కష్టం కదా! కాబట్టి ఏళ్ల తరబడి ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టేవారి దగ్గర డి మీటను గమనించండి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవారి దగ్గర 'ఏ' (A) మీటను గమనించండి, ఎందుకంటే అక్కడ ప్రతి అకారానికీ ఆ 'ఏ' నొక్కాలి. భాష ఒకటే, అరిగే మీట వేరు. ఈ రెండు మీటలను మాత్రమే ఒక ఖాళీ తెల్ల పలక మీద పక్కపక్కన పెట్టినా అది పూర్తి కళాఖండమే.

రూపాయి గుర్తుతోనూ ఒక పని చేయొచ్చు. ఆ గుర్తును కేంద్ర ప్రభుత్వం 2010 జులైలో ఆమోదించింది. అంకె నాలుగు మీట మీద ఆ గుర్తు ఉంటే ఆ కీబోర్డు కచ్చితంగా ఆ తర్వాతిదే. డాలర్ గుర్తు ఒక్కటే ఉన్న మీటలు ఒకవైపు, రూపాయి కూడా ఉన్నవి ఇంకోవైపు. అమెరికా కంపెనీల పని చేసి పెట్టిన ఊళ్లో ఆ రెండు గుంపులు చాలా చెబుతాయి.

ఈ వ్యాసం చివరిదాకా ఉదాహరణగా పట్టుకెళ్లడానికి ఒక నియమం ఎంచుకుంటున్నాను: 'మూడు చోట్ల పనిచేసిన మూడు కీబోర్డుల మీటలను, తక్కువ అరిగినవాటి నుంచి ఎక్కువ అరిగినవాటి వరకు, ఒక చదరపు అడుగులో పేర్చాలి.' మొదటిసారి చేసేవాళ్లకు ఇది సరిగ్గా సరిపోయే సైజు. లెక్క చూడండి. మామూలు కీబోర్డులో ఒక మీట మధ్య నుంచి పక్క మీట మధ్యకు దూరం 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. అడుగుకు పదహారు మీటలు. చదరపు అడుగుకు 256. మనకు ఎక్కువగా దొరికే 104 మీటల కీబోర్డులో ఎంటర్, షిఫ్ట్, స్పేస్ బార్ లాంటి వెడల్పు మీటలు 18 తీసేస్తే ఒకే సైజువి 86 మిగులుతాయి. మూడు కీబోర్డులకు 258. రెండు మీటలు ఎక్కువవుతాయి. ఆ రెండూ ఏవో మీరే తేల్చుకోవాలి, అదీ పనిలో భాగమే. పెద్దది చేయాలంటే రెండడుగుల చదరానికి 1024 మీటలు, పన్నెండు కీబోర్డులు కావాలి.

కీబోర్డులు ఎక్కడ వెతకాలి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే సీటీసీ, చుట్టుపక్కల రిపేరు షాపుల్లో అడగండి. ముందున్న కౌంటర్‌లో కాదు, వెనక రిపేరు చేసే కుర్రాళ్లను అడగాలి. కోఠి గుజరాతీ గల్లీ వైపు ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపులున్నాయి, జిగురు, పనిముట్లు కొనేటప్పుడు అక్కడా ఒక మాట వేయండి. ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మెరాత్ బజార్ పాత సామాన్లకు పేరున్నవి. పొద్దున్నే వెళ్తే కుప్పలు కలియబెట్టి చూసే వీలుంటుంది.

అడిగే తీరు ముఖ్యం. "భాయ్, కీబోర్డ్ ఉందా?" అంటే పనిచేసేది చూపించి దాని ధర చెబుతారు. "ఖరాబైన కీబోర్డులు కావాలి భాయ్, విప్పుకోవడానికి" అంటే అసలు బేరం మొదలవుతుంది. పనిచేసే కీబోర్డును మాత్రం విప్పకండి. అది ఎవరికైనా చదువుకోవడానికి పనికొస్తుంది. మరీ ముఖ్యంగా, టకటక శబ్దం చేసే పాత టీవీఎస్ గోల్డ్ లాంటి మెకానికల్ కీబోర్డు దొరికితే బాగు చేయించి వాడుకోండి. వాటిని ప్రాణంగా చూసుకునే టైపిస్టులు ఇంకా ఉన్నారు.

మన నియమానికి ఎక్కడ వాడిన కీబోర్డో తెలియాలి కాబట్టి షాపు కంటే వాడిన చోటే అడగడం మేలు. వీధి చివర మీసేవా కేంద్రంలో, తెలిసిన కోచింగ్ సెంటర్లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. ఎందుకు అడుగుతున్నారో నిజం చెప్పండి. "మీరు ఇన్నాళ్లు పనిచేసిన మీటలు గోడ మీద పెడతాను సార్" అంటే ముందు నవ్వుతారు, తర్వాత వాళ్లే బీరువా మీద నుంచి దింపి ఇస్తారు. కంపెనీల్లో అయితే అడ్మిన్ వాళ్లను రాతపూర్వకంగా అడగండి. ఈ-వేస్ట్ నిబంధనలు 2022 ప్రకారం, అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, పెద్ద సంస్థలు తమ ఎలక్ట్రానిక్ చెత్తను లెక్క ప్రకారం అప్పగించాలి. మీ స్నేహితుడు బ్యాగులో వేసుకొచ్చి ఇస్తానంటే వద్దనండి.

కీబోర్డు చేతికి రాగానే వెనక మాస్కింగ్ టేపు అంటించి మూడు సంగతులు రాయండి: ఎక్కడిది, ఏ పనికి వాడారు, ఎప్పుడు తెచ్చారు. వయసు ఎవరికీ తెలియకపోతే ప్లగ్ చూడండి. లావుపాటి గుండ్రటి ఐదు పిన్నుల ప్లగ్ అన్నిటికంటే పాతది. ఊదారంగు చిన్న గుండ్రటిది పీఎస్-2. ఆ తర్వాతది యూఎస్‌బీ. విండోస్ గుర్తున్న మీట లేకపోతే ఇంకా పాత తరానిదని అనుకోవచ్చు.

విప్పడం

కావలసినవి: స్టార్ స్క్రూడ్రైవర్, పలచటి బద్ద స్క్రూడ్రైవర్, మాస్కు, చేతి గ్లవ్స్, పాత న్యూస్‌పేపర్లు, మీటలు వేసుకోవడానికి గిన్నెలు. ముందు కీబోర్డును నిటారుగా పైనుంచి ఒక ఫొటో, అరిగిన చోట్ల దగ్గర నుంచి నాలుగు ఫొటోలు తీయండి. విప్పాక ఆ అమరిక మళ్లీ కనిపించదు. తర్వాత న్యూస్‌పేపర్ మీద తిరగేసి తట్టండి. మాస్కు పెట్టుకునే తట్టండి, ఏళ్ల నాటి దుమ్ము అది. వైర్‌లెస్ కీబోర్డయితే సెల్స్ ముందే తీసేయాలి. అవి కారి తెల్లగానో పచ్చగానో పొడి కట్టి ఉంటే ఉత్త చేతులతో ముట్టుకోవద్దు.

వెనక స్క్రూలన్నీ తీశాక కూడా విడిపోకపోతే బలవంతం చేయకండి. ఒక స్క్రూ కంపెనీ స్టిక్కర్ కింద దాగి ఉంటుంది. వేలితో స్టిక్కర్ మీద రాస్తే గుంట తగులుతుంది, అక్కడే చిన్న కన్నం చేసి తిప్పండి. రబ్బరు కాళ్ల కిందా చూడండి. కొన్ని చవక కీబోర్డుల్లో స్క్రూల బదులు అంచుల్లో లాకులుంటాయి. బద్ద స్క్రూడ్రైవర్‌తో ఒక మూల నుంచి మెల్లగా తిప్పుకుంటూ వస్తే వాటంతటవే వదులుతాయి.

లోపల చూడాల్సింది చాలా ఉంది, తొందరపడకండి. పైన బుడిపెల రబ్బరు షీటు. దాని కింద మూడు పలచటి ప్లాస్టిక్ పొరలు. పై పొర మీద, కింది పొర మీద వెండిరంగు సిరాతో గీసిన గీతలు, ప్రతి మీట కిందా ఒక గుండ్రటి చుక్క. మధ్య పొరకు ఆ చుక్కల దగ్గర కన్నాలు. మీట నొక్కితే రబ్బరు బుడిపె అణిగి, పై చుక్క మధ్య కన్నంలోంచి కింది చుక్కను తాకుతుంది. మూలనున్న చిన్న సర్క్యూట్ బోర్డు ఏ అడ్డగీత, ఏ నిలువుగీత కలిశాయో చూసి, ఏ అక్షరమో కంప్యూటర్‌కు చెబుతుంది. నూటనాలుగు మీటలకు నూటనాలుగు వైర్లు లేకపోవడానికి కారణం ఇదే. ఆ పొరను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి, చుక్కల ముగ్గులా ఉంటుంది. దీన్ని పారేయకండి. వెనక ఎల్ఈడీ షీటు పెట్టి, మూడు పొరల్నీ విడివిడిగా వేలాడదీస్తే అదే వేరొక పని అవుతుంది. కాకపోతే మడత పడితే గీత తెగినట్టు కనిపిస్తుంది కాబట్టి చుట్టి పెట్టండి, మడవొద్దు.

ఇప్పుడు మీటలు. పైనుంచి గోరుతో పీకితే విరిగేది మీట కాదు, దాని అడుగున ఉండే కాడ. ప్లాస్టిక్ చట్రాన్ని తిరగేసి, కాడకున్న రెండు చిన్న కొక్కేలను వెనక నుంచి లోపలికి నొక్కితే మీట తనే జారి కింద పడుతుంది. రెండు మూడు తీశాక చేతికి అలవాటవుతుంది. స్పేస్ బార్, ఎంటర్, షిఫ్ట్‌లకు అడుగున ఇనుప తీగ ఉంటుంది. పక్కకు జరిపితే ఊడుతుంది, లాగితే వంగుతుంది. ల్యాప్‌టాప్ కీబోర్డుల జోలికి మొదటిసారే వెళ్లకండి. వాటి మీటల కింద కత్తెర లాంటి సన్నటి ప్లాస్టిక్ అమరిక ఉంటుంది, చాలా తేలిగ్గా విరుగుతుంది. పైగా ల్యాప్‌టాప్ లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది.

ఒక కీబోర్డు పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టండి. ప్రతి మీట లోపలివైపు పర్మనెంట్ మార్కర్‌తో గుర్తు వేయండి: మీసేవాదానికి ఒక చుక్క, కోచింగ్ సెంటర్‌దానికి రెండు, ఇంటిదానికి మూడు. ఇది విసుగు పుట్టించే పని, ఒప్పుకుంటాను. కానీ మూడు గిన్నెలూ కలిసిపోయాయంటే మీ నియమం అక్కడితో ఆగిపోతుంది. ఏ మీట ఎక్కడిదో మళ్లీ చెప్పే దారి లేదు.

కడగాలా వద్దా

జవాబు మీ నియమంలోనే ఉంది. అరుగుదల చూపించాలంటే కడగాలి, ఎందుకంటే మురికి అరుగుదలను దాచేస్తుంది. మురికే చూపించాలంటే ముట్టుకోవద్దు. మన ఉదాహరణకు కడగాలి. గోరువెచ్చని నీళ్లలో కాస్త సర్ఫ్ వేసి మీటల్ని కాసేపు నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్ది, చిల్లుల గిన్నెలో కడిగి, నీడలో గుడ్డ మీద బోర్లించండి. కాడ బోలుగా ఉంటే లోపల నీళ్లు నిలుస్తాయి, రాత్రంతా ఆరనివ్వండి. థిన్నర్, నెయిల్ పాలిష్ తీసే ద్రవం వాడొద్దు. అందులో ఎసిటోన్ ఉంటే, చాలా మీటలు తయారయ్యే ఏబీఎస్ ప్లాస్టిక్ కరిగి జిగటగా అవుతుంది. స్పిరిట్ పెట్టి తుడిస్తే ముద్ర వేసిన అక్షరాలు పోవచ్చు. అక్షరం వేళ్ల వల్ల పోయిందా మీ స్పిరిట్ వల్ల పోయిందా అన్నది తర్వాత ఎవరూ చెప్పలేరు.

పసుపు పచ్చగా మారిన పాత తెల్ల మీటల్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లగా చేసేవాళ్లున్నారు. ఈ పనికి అది వద్దు. ఆ పసుపు ఏళ్ల తరబడి పడిన వెలుతురు వల్ల వచ్చింది. కిటికీ పక్క టేబుల్ మీద గడిపిన కీబోర్డుకు, గది మధ్యలో ఉన్నదానికి తేడా అందులోనే తెలుస్తుంది.

అరుగుదల ఎలా కొలవాలి? గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ను మీటకు పక్కగా, ఏటవాలుగా పట్టుకోండి. కొత్త ఏబీఎస్ మీట మీద సన్నటి గరుకు కనిపిస్తుంది. వేళ్లు బాగా తగిలిన మీట అద్దంలా మెరుస్తుంది. స్పేస్ బార్ మీద అయితే ఆ మెరుపు ఒకవైపే ఉంటుంది, బొటనవేలు పడే చోట. ఈ మెరుపే నమ్మదగిన గుర్తు. అక్షరం చెరిగిపోవడాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. నాసిరకం ముద్రలు చెమటకే పోతాయి. రెండు రంగుల ప్లాస్టిక్ కలిపి పోసిన మీటల మీద అక్షరం ఎప్పటికీ పోదు. పీబీటీ ప్లాస్టిక్ మీటలు అంత తేలిగ్గా మెరుపెక్కవు. అందుకే మెరుపుకు ఒక మార్కు, చెరుగుకు ఒక మార్కు వేసి ఐదు గుంపులు చేయండి: గరుకు పోనివి, కొంచెం మెరిసేవి, బాగా మెరిసేవి, అక్షరం సగం పోయినవి, పూర్తిగా పోయినవి.

ఇక్కడే కీబోర్డు వాడిన మనిషి కనిపించడం మొదలవుతుంది. అంకెలు ఎక్కువగా కొట్టే కౌంటర్లో కుడివైపు నంబర్ ప్యాడ్ మెరుస్తుంది. కోడ్‌ను కాపీ, పేస్ట్ చేసే చోట కంట్రోల్, సి, వి. ఆటలాడే పిల్లాడి కీబోర్డులో డబ్ల్యూ, ఏ, ఎస్, డి. ఎఫ్ మీద, జె మీద ఉండే చిన్న గీతను కూడా వేలితో తడిమి చూడండి. చూడకుండా టైపు చేసేవాళ్ల చూపుడువేళ్లు అక్కడే ఆనుతాయి.

పేర్చడం, అతికించడం

పలకకు 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, అంటే చెక్కపొడిని నొక్కి చేసిన బోర్డు, చాలు. ప్లైవుడ్ షాపులో అడుగు చదరంగా కోయించుకోండి, అంచు కాస్త ఎక్కువ కావాలంటే పదమూడు అంగుళాలు. రంగు వేయాలంటే ఒక్కటే రంగు, మ్యాట్. పెన్సిల్‌తో ముప్పావు అంగుళం గళ్లు గీయండి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. చాలా కీబోర్డుల్లో మీట కాడ అంచుకంటే కిందికి పొడుచుకొస్తుంది, కాబట్టి మీట పలక మీద నిలవదు. రెండు దారులున్నాయి. నిప్పర్‌తో కాడ కత్తిరించి అంచులకు జిగురు పెట్టడం ఒకటి. కళ్లద్దాలు పెట్టుకోండి, ముక్కలు ఎగురుతాయి. రెండోది, ప్రతి గడి మధ్యలో డ్రిల్‌తో కన్నం చేసి కాడను అందులో దింపడం. నేను రెండోదే మంచిదంటాను. 256 కన్నాలంటే శ్రమే, కానీ మీట పాడవదు, కావాలంటే మళ్లీ తీయొచ్చు, వెనక వేసిన చుక్కలు చెరగవు. కన్నం సైజు కాడను కొలిచి తేల్చుకోండి, ఒక చెక్కముక్క మీద పరీక్షించాకే పలక మీద చేయండి.

జిగురు ముట్టుకోకముందు 256 మీటల్నీ ఊరికే పేర్చి పైనుంచి ఫొటో తీయండి. ఒక రాత్రి అలాగే వదిలేయండి. మర్నాడు చూస్తే కొన్ని మీటలు తప్పు గుంపులో ఉన్నాయని మీకే తెలుస్తుంది. ఒక ప్రలోభం కూడా వస్తుంది: 'ఈ నల్ల మీటలు ఇక్కడుంటే డిజైన్ బాగుంటుంది కదా' అని. జరపొద్దు. నియమం చెప్పిన చోటే ఉండాలి. అందం కోసం ఒక్క మీట జరిపినా చూసేవాళ్లు మీ వరుసను నమ్మరు. మెలమెల్లగా గరుకు నుంచి మెరుపుకు, అక్షరాల నుంచి ఖాళీకి మారే పలక దానంతటదే చాలా అందంగా ఉంటుంది, నమ్మండి.

జిగురు విషయంలో, రెండు ట్యూబులు కలిపే అరల్డైట్ లాంటి ఎపాక్సీ వాడండి. కొంచెం కొంచెం కలుపుకుంటూ, అగ్గిపుల్లతో పెట్టండి. ఫెవిక్విక్ త్వరగా పడుతుంది గానీ చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వదులుతుంది. నల్ల మీటల మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్లూ గన్ జిగురు వేడికి మెత్తబడుతుంది. మే నెలలో రేకుల గదిలోనో, ఎండలో ఆపిన కారు డిక్కీలోనో పెట్టారంటే మీటలు జారిపోతాయి. కిటికీలు తెరిచి పని చేయండి.

పక్కన పెట్టే కాగితం

కాన్సెప్చువల్ ఆర్ట్‌లో పక్కనున్న కాగితం కూడా కళాఖండంలో భాగమే. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. 'డిజిటల్ యుగంలో మనిషి ఒంటరితనానికి ఈ కృతి అద్దం పడుతుంది' లాంటి వాక్యం రాశారంటే చూసేవాళ్ల పని మీరే చేసేసినట్టు. జరిగింది మాత్రం చెప్పండి. ఇలా:

మూడు చోట్లు, ఒక చదరపు అడుగు
వాడిన కీబోర్డు మీటలు 256, ఎండీఎఫ్ పలక
30.5 × 30.5 సెం.మీ.
ఒక మీసేవా కౌంటర్, ఒక కోచింగ్ సెంటర్, ఒక ఇల్లు. తక్కువ అరిగిన మీట నుంచి ఎక్కువ అరిగిన మీట వరకు. రెండు మీటలు వదిలేశాను.

ఇంతే. కింద మీ పేరు, సంవత్సరం. తెలుగులో రాయండి, కింద చిన్న అక్షరాలతో ఇంగ్లిష్ కావాలంటే ఉండొచ్చు. కీబోర్డులు ఇచ్చినవాళ్ల పేర్లు వేయాలనిపిస్తే వాళ్లను అడిగే వేయండి.

ఎక్కడ పెట్టాలి

మధ్యభాగం నేల నుంచి సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా తగిలించండి, నిలబడి చూసేవాళ్ల కళ్లకు అది సరిపోతుంది. లైటు ఎదురుగా కాదు, పక్క నుంచి పడాలి. ఎదురు లైటులో మెరుపు తేడా మొత్తం మాయమవుతుంది, మీరు చేసిందంతా వృథా. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల్లో అడగొచ్చు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో గుంపు ప్రదర్శనలు జరుగుతుంటాయి, మసాబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులతో పరిచయం చేసుకుంటే దారులు తెలుస్తాయి. కానీ నన్నడిగితే మొదటి ప్రదర్శన కీబోర్డు ఇచ్చిన మీసేవా కేంద్రంలోనో కోచింగ్ సెంటర్లోనో పెట్టండి. అక్కడ క్యూలో నిలబడినవాళ్లు ఆ మీటలతో నింపిన అప్లికేషన్ల వాళ్లే కావచ్చు. ముట్టుకోనివ్వండి. వేలితో తడిమితేనే గరుకు, నునుపు తెలుస్తాయి. 'ముట్టుకోవచ్చు' అని చిన్న బోర్డు కూడా పెట్టండి, లేకపోతే మొహమాటపడి దూరంగానే ఉండిపోతారు.

మిగిలినవి

మూడు కీబోర్డుల నుంచి 54 వెడల్పు మీటలు, రెండు చిన్నవి మిగిలాయి. వాటినీ చుక్కల గుర్తులతోనే మూడు డబ్బాల్లో వేసి పేర్లు రాసి పెట్టుకోండి, ఇంకో నియమానికి పనికొస్తాయి. ఇనుప పలకలు, స్క్రూలు మామూలు పాత సామాన్ల షాపు తీసుకుంటుంది. సర్క్యూట్ బోర్డులు, వైర్లు మాత్రం అలా ఇవ్వొద్దు. రాగి కోసం వైర్లు కాల్చేవాళ్లున్నారు. వైర్ల మీదున్న పీవీసీ ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగ విషం. బోర్డులు, వైర్లు, వాడని ప్లాస్టిక్ చట్రాలు ఒక సంచిలో పోగేసి, నిండాక కాలుష్య నియంత్రణ మండలి గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు అప్పగించి రసీదు తీసుకోండి. కంపెనీ నుంచి తెచ్చినవైతే ఆ రసీదు కాపీ ఒకటి వాళ్ల అడ్మిన్‌కు కూడా ఇవ్వండి. మళ్లీ అడిగినప్పుడు కాదనరు.